మామోగ్రామ్‌ను చదివేది ఎవరు?



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో చాలామంది అక్కలు, అమ్మలు రొమ్ములో గడ్డ ఉందని చెప్పడానికే సిగ్గుపడతారు. "నొప్పి లేదు గదా, ఏమైతది?" అని నెలల తరబడి ఊరుకుంటారు. కానీ రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. అందుకే ఈ నాలుగు మాటలు చెప్పదలిచాము.

మామోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. రొమ్మును రెండు పలకల మధ్య కొన్ని క్షణాలు అదిమి తీస్తారు. అప్పుడు కొంచెం నొప్పి అనిపించవచ్చు. ఎక్స్‌రే తీసేవారు రేడియోగ్రాఫర్. మన దగ్గర దానిని చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు డాక్టరు.

బ్రిటన్‌లో 1988 నుండి ప్రభుత్వమే ఈ పరీక్ష ఉచితంగా చేయిస్తోంది. ఇప్పుడు అక్కడ 50 నుండి 70 ఏళ్ల స్త్రీలను మూడేళ్లకొకసారి పిలుస్తారు. చదవడానికి డాక్టర్లు చాలక, ప్రత్యేక శిక్షణ పొందిన రేడియోగ్రాఫర్లు కూడా చదువుతున్నారు. ఒక్కొక్క మామోగ్రామ్‌ను ఇద్దరు చూస్తారు. ఒకరి కంటికి అందనిది మరొకరికి కనబడవచ్చు. అనుమానం ఉంటే ఆమెను మళ్లీ పిలుస్తారు. అలా పిలిచినవారిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. కనుక మళ్లీ రమ్మంటే భయపడి మానేయకండి.

డాక్టరు కాకపోయినా, మంచి శిక్షణ ఉంటే మేలు చేయవచ్చునని మన దేశంలోనూ రుజువైంది. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో మొదలుపెట్టి, సుమారు లక్షన్నర మంది స్త్రీలను 20 ఏళ్లు గమనించారు. వారిలో సగం మందికి మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. 50 ఏళ్లు పైబడినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో ఆ మేలు కనబడలేదు.

30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష చేయాలని నియమం ఉంది. ఏ.ఎన్.ఎమ్. అక్కను అడగండి.

గడ్డ, చర్మం సొట్టపడడం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, చంకలో బిళ్ల, వీటిలో ఏది కనబడినా ఏ వయసువారైనా వెంటనే చూపించుకోండి. మామోగ్రామ్‌లో ఏమీ లేదన్నా, చేతికి గడ్డ తగులుతుంటే వదిలేయకండి. స్కానింగు, సూది పరీక్ష అవసరం కావచ్చు.

ఇంటి మగవారికి మా మనవి: కోతలు అయ్యాక చూద్దామనకండి. తొందరగా కనుగొంటే నయమయ్యే అవకాశం ఎక్కువ. మీరే తోడుగా తీసుకురండి.