శాండ్‌విచ్ ప్యానెల్ ఎక్కడ విరుగుతుంది? షియర్ పరీక్ష ఏం చెబుతుంది?

శీతల గిడ్డంగుల గోడలు, ఫ్యాక్టరీ పైకప్పులు, నిర్మాణ స్థలాల్లోని తాత్కాలిక ఆఫీసులు.. ఇలా చాలాచోట్ల శాండ్‌విచ్ ప్యానెళ్లు వాడుతున్నారు. రెండువైపులా దాదాపు అర మిల్లీమీటరు మందమున్న ఉక్కు రేకులు, మధ్యలో పఫ్ అనే పాలీయురెథేన్ ఫోమ్ గానీ, థర్మోకోల్ గానీ, రాక్‌వూల్ గానీ ఉంటాయి. కొనేవారు సాధారణంగా మందం, రేకు గేజ్, ధర అడుగుతారు. కానీ పెనుగాలి వీచినప్పుడు కీలకమయ్యేది కంటికి కనిపించని ఆ మధ్య పొరే.

ఎలాగంటే.. ఒక పుస్తకాన్ని వంచితే పేజీలు ఒకదానిపై మరొకటి జారతాయి. పేజీలన్నీ జిగురుతో అంటిస్తే అదే పుస్తకం చెక్కలా బిగుసుకుంటుంది. ప్యానెల్‌లో రేకులు అలా జారకుండా పట్టి ఉంచేది మధ్య పొర. ఆ జారుడును తట్టుకునే శక్తే షియర్ బలం.

దీన్ని కొలిచే పద్ధతి యూరప్ ప్రమాణం ఈఎన్ 14509లో ఉంది. ప్యానెల్ నుంచి సన్నటి ముక్క కోసి, రెండు ఆధారాలపై పెట్టి, పైన రెండుచోట్ల భారం పెంచుతూ పోతారు. ఆధారాల మధ్య దూరం సాధారణంగా మీటరే. ఎక్కువైతే ఫోమ్ తెగకముందే పైరేకు ముడతపడుతుంది. అప్పుడు తేలేది రేకు సంగతే, షియర్ బలం కాదు.

ఉదాహరణకు, 100 మి.మీ. వెడల్పు, రేకుల మధ్య 100 మి.మీ. దూరం ఉన్న ముక్క 2,000 న్యూటన్లకు, అంటే సుమారు 200 కిలోల బరువుకు, తెగిందనుకుందాం. భారం రెండు ఆధారాలకూ సగం సగం చేరుతుంది. ఆ 1,000 న్యూటన్లను వెడల్పు, దూరాల లబ్ధంతో భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు 0.1 న్యూటన్ వస్తుంది.

ఎలా విరిగిందన్నదీ ముఖ్యమే. ఫోమ్‌లో ఏటవాలు పగులు వస్తే దాని శక్తి అంతే అని అర్థం. ఫోమ్ అంటకుండా రేకు శుభ్రంగా ఊడివస్తే లోపం అతుకులో ఉన్నట్టు.

పైగా, నిమిషాల్లో ముగిసే పరీక్షలో వచ్చిన అంకె ఏళ్ల తరబడి మోసే బరువుకు వర్తించదు. నిరంతర భారం కింద ఫోమ్ నెమ్మదిగా సాగుతుంది. అందుకే పైకప్పు ప్యానెళ్లకు దీర్ఘకాలిక విలువలు వేరుగా చూడాలి. కొనేముందు మందంతోపాటు షియర్ బలం ఎంత, ముక్క ఎలా విరిగింది, దీర్ఘకాలిక విలువ ఎంత అనే వివరాలున్న పరీక్ష నివేదిక అడగడం మేలు.