జ్ఞాపకమును మలచు పూర్వానుభవము

చూచినదానిని చూచినట్లే దాచియుంచు పెట్టెవంటిది జ్ఞాపకమని మనలో పెక్కుమంది తలంపు. మనశ్శాస్త్రజ్ఞుల పరిశోధనలు ఈ తలంపును సమర్థింపవు. క్రొత్తగా జరిగిన సంగతి మన మనస్సులో పడుట తుడిచిన పలకమీద వ్రాయుట వంటిది కాదు. మనకు ముందే తెలిసినవియు, మనము ఎదురుచూచుచున్నవియు దానికొక మూసను సిద్ధపఱచి యుంచును. మూసకు సరిపడినది సులభముగా నిలుచును. సరిపడనిది తఱచుగా జాఱిపోవును, లేదా మూసకు తగినట్లు రూపు మార్చుకొనును. ఇది పండితుల గోష్ఠికి మాత్రమే పరిమితమైన విషయము కాదు. నెల్లూరు తీరమున నివసించువారికి ప్రాణముతో ముడిపడిన విషయము.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ఆచార్యుడగు ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ తన పరిశోధనలను 1932లో గ్రంథరూపమున ప్రకటించెను. ఉత్తర అమెరికా ఆదిమజాతి కథనొకదానిని ఆయన ఆంగ్లేయులచే చదివించి, కొంతకాలమైన పిదప తిరిగి చెప్పుమనెను. వారి నోట ఆ కథలోని దోనె మామూలు పడవ అయినది. సీలు జంతువుల వేట చేపల వేట అయినది. వారికి అంతుపట్టని దయ్యముల ప్రసక్తి సన్నగిల్లినది. వారు బుద్ధిపూర్వకముగా అబద్ధమాడలేదు. తమకు తెలిసిన లోకముతో కథను అతికించుకొనిరి, అంతే.

1981లో బ్రూయర్, ట్రేయెన్స్ అను ఇరువురు చేసిన పరిశోధన ఇంకను చిత్రమైనది. కొందఱు విద్యార్థులను విశ్వవిద్యాలయమునందలి ఒక పరిశోధక విద్యార్థి గదిలో కొద్దిసేపు కూర్చుండబెట్టి, వెలుపలికి వచ్చిన తరువాత లోపలనున్న వస్తువులను చెప్పుమనిరి. గదిలో లేని పుస్తకములను చూచినట్లు కొందఱు చెప్పిరి. అట్టి గదిలో పుస్తకములుండుట సహజము గదా! కన్ను చూడనిదానిని ఎఱుక పూరించినది.

ఇంతమాత్రమున పూర్వజ్ఞానము కీడే చేయునని భావింపరాదు. 1973లో చేజ్, సైమన్ అను పరిశోధకులు చదరంగపు బల్లను ఆటగాండ్రకు అయిదు క్షణములు మాత్రము చూపిరి. నిజమైన ఆటలోని అమరికయైనచో ఆరితేఱినవాడు పావులలో అధిక భాగమును తిరిగి పేర్చగలిగెను. పావులను ఇష్టము వచ్చినట్లు చెదరి యుంచినపుడు అతని ఆధిక్యము దాదాపు మాయమయ్యెను. మైపాడు ఒడ్డున నిలిచిన పట్టణవాసికిని, దినదినము వేటకు పోవు పట్టపుపాలెపు మత్స్యకారునికిని గల భేదము ఇట్టిదే. మొదటివానికి కనబడునది అలలు. రెండవవానికి గాలివాలు, నీటి రంగు, ఆటుపోట్ల వేళ. సాయంకాలమునకు ఎవనికేది జ్ఞాపకముండునో వేఱుగా చెప్పనక్కఱలేదు.

అయితే ఈ ఎఱుకయే ఒక్కొక్కప్పుడు అడ్డు వచ్చును. గడచిన కాలమున ఈ తీరము మూడు విధముల ఆపదలను చూచినది. 1989 నవంబరులో సయాము సింధుశాఖలో పుట్టిన గే తుఫాను మలయా ద్వీపకల్పమును దాటి, బంగాళాఖాతమున బలపడి, కావలి సమీపమున తీరమును తాకినది. అది గాలి తెచ్చిన ఆపద. 2004 డిసెంబరు 26, ఆదివారమునాడు ఉదయము ఆఱున్నర గంటల ప్రాంతమున సుమత్రా చెంత భూకంపము కలిగినది. కొన్ని గంటలలో మన తీరమున సముద్రము పొంగినది. తుఫాను లేదు, హోరుగాలి లేదు. ఉప్పెన యనగా గాలివానతో వచ్చునదని తరతరములుగా ఎఱిగినవారికి ఇది ఏ మూసకును ఒదుగని సంఘటన. సునామి యను మాట నాడు మనలో పలువురు ఎఱుగనిది. ఇక 2021 నవంబరు 19న పుదుచ్చేరి, చెన్నైల నడుమ తీరము దాటినది తుఫాను సైతము కాదు, వాయుగుండమే. కాని ఎగువన చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది. పెన్నకు వరద వచ్చినది. కోవూరు వద్ద జాతీయ రహదారి, పడుగుపాడు వద్ద రైలుమార్గము దెబ్బతినినవి. ఆపదకై తూర్పున కడలివైపు చూచుట అలవాటైన తీరమునకు, ఈసారి నీరు పడమట నుండి వచ్చినది.

ఒక్క అనుభవమే కొలబద్దయైనచో ఏమగునో దీనివలన గ్రహింపవచ్చును. ఆనాటి గాలికే చెక్కుచెదరని ఇల్లు గదా యని ఇంటనే ఉండిపోయినవానికి నీరు వచ్చునన్న తలంపు రాదు. మొన్నటి హెచ్చరిక వట్టిదైనదని తలచువాడు నేటి హెచ్చరికను సగమే వినును. పిదప సంగతులు చెప్పుకొనునపుడు సైతము వేర్వేఱు ఏండ్ల గాలియు నీరును ఒకే కథగా కలిసిపోవు ప్రమాదము కలదు.

మంచి మూస మేలు చేయుననుటకు సుమత్రా చేరువనున్న సిమెలూ దీవియే తార్కాణము. అచట 1907లో సునామి వచ్చినది. నేల గట్టిగా అదిరి సముద్రము వెనుకకు తీసినచో కొండ యెక్కవలెనని పెద్దలు పిన్నలకు కథలుగా చెప్పుచు వచ్చిరి. 2004లో దాదాపు 78 వేల జనాభాలో మరణించినవారు ఏడుగురే. తొంబదియేడేండ్ల నాటి జ్ఞాపకము వారిని కాపాడినది.

కనుక మనము చేయదగినవి కొన్ని కలవు. ఆపద గడచిన వెంటనే తేదీని, నీరు నిలిచిన ఎత్తును గోడమీద గుర్తించి వ్రాసి యుంచవలెను. నెలలు గడచిన పిదప చెప్పు మాటకంటె ఆ గీత నమ్మదగినది. కంటితో చూచినదానిని, ఇతరులు చెప్పగా విన్నదానిని వేఱుగా చెప్పుకొనవలెను. పిల్లలకు గాలి కథ ఒక్కటియే గాక, గాలి లేని పొంగును, ఏటి వరదను గూర్చియు చెప్పవలెను. హైదరాబాదులోని జాతీయ కేంద్రము 2007 నుండి సునామి హెచ్చరికలు జారీ చేయుచున్నది. అట్టి హెచ్చరిక రేడియోలో వినవచ్చినపుడు, వెనుకటిసారి ఏమి జరిగినదని గాక, ఇప్పుడేమి చెప్పుచున్నారని ఆలకించుట వివేకము. జ్ఞాపకము మంచి సలహాదారు. కాని రాబోవు ఆపద పాత ఆపదను పోలియుండవలెనను నియమమేమియు లేదు.