రోగము కనబడని కడుపునొప్పి

ప్రతి గ్రామమునందును కడుపుజబ్బుతో ఏండ్ల తరబడి బాధపడువారు కొందరు కానవచ్చుచుందురు. భోజనమైన కొంతసేపటికి కడుపు ఉబ్బును. మెలిపెట్టినట్లు నొప్పి వచ్చును. విరేచనమైన పిదప కొంత శమించును. కొన్నినాళ్లు మలబద్ధము, కొన్నినాళ్లు విరేచనములు. వైద్యుడు రక్తమును పరీక్షించి, గొట్టముతో కడుపులోనికి చూచి, ఏమియు లేదని చెప్పును. ఇంటివారు అది వట్టి అనుమానమందురు. రోగి ఖిన్నుడై, అప్పుచేసి మరియొక వైద్యుని వెదకికొని పోవును. ఈ చిక్కును విడదీయుటయే నేటి ప్రసంగవిషయము.

వైద్యుడు చెప్పినది నిజమే. రోగి చెప్పునదియు నిజమే. బండి చక్రములు, ఇరుసు, కాడి అన్నియు గట్టిగానున్నను ఎద్దులు జతకూడి నడువనిచో ప్రయాణము సాగదు. వడ్రంగి బండిని ఎంత తరచి చూచినను తప్పు కానరాదు. అట్లే యీ జబ్బులో ప్రేవులయందు పుండుగాని గడ్డగాని యుండదు. వాని నడక మాత్రము తప్పును.

ప్రేవుల గోడలలో 10 కోట్లకు మించిన నరకణములు కలవు. అవి మెదడుతో ఎడతెగక వార్తలు నడపుచుండును. ప్రేవులు అలలవలె ముడుచుకొనుచు, విచ్చుకొనుచు ఆహారమును ముందునకు త్రోయును. ఆ త్రోపు మితిమీరినచో విరేచనములు, మందగించినచో మలబద్ధము కలుగును. నరములు మిక్కిలి సున్నితమైనచో, ఇతరులకు తెలియనంతటి వాయువే యీ రోగికి నొప్పియగును. తీవ్రమైన విరేచనముల జబ్బు తగ్గిన పిదప కొందరికి ఈ స్థితి మిగిలిపోవును. దిగులు, కోపము, నిద్రలేమి దానిని హెచ్చించును.

1822లో అమెరికాయందు తుపాకి దెబ్బ తగిలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకుని కడుపునకు పూడని రంధ్రమేర్పడెను. విలియం బోమాంట్ అను వైద్యుడు ఆ రంధ్రముగుండ జీర్ణక్రియను పరిశీలించి, 1833లో గ్రంథము ప్రకటించెను. ఆ యువకునకు కోపము వచ్చినప్పుడు కడుపులోని స్థితి మారుటను ఆయన కన్నులార చూచెను. కావున మనస్సునకును కడుపునకును గల సంబంధము కల్పన కాదు.

చికిత్సలో మొదటిది భయము విడుచుట. ఈ జబ్బు రాచపుండుగా మారదు. వేళకు భుజించి, నెమ్మదిగా నమలవలెను. కారము, నూనెవంటకములు, కాఫీ, టీ తగ్గించి చూడవలెను. పాలు పడవని తోచినచో రెండువారములు మాని, మార్పు లేనిచో మరల పుచ్చుకొనవచ్చును. ఒక్కొక్కటిగా పరీక్షింపవలెనే కాని, అన్నియు ఒక్కసారి మాని చిక్కిపోరాదు. ఇసప్‌గోల్ పొట్టును కొద్దిగా ఆరంభించి, చాలినంత నీటితో పుచ్చుకొనుట మేలు. నిత్యము ఆముదము త్రాగి కడుపు కడుగుకొనుట మంచిది కాదు. ప్రతిదినము కొంతదూరము నడువవలెను. అప్పటికిని తగ్గనిచో, మనోవ్యాధులకు వాడు మందునే వైద్యుడు స్వల్పమాత్రలో ఇయ్యవచ్చును. తనను పిచ్చివానిగా నెంచెనని రోగి తలపరాదు. ఆ మందు ప్రేవుల నరములను శాంతింపజేయును.

అయితే ఒక హెచ్చరిక. 50 ఏండ్లు దాటిన పిదప క్రొత్తగా మొదలైన కడుపుజబ్బును, పరీక్ష చేయింపక, నడక తప్పినదేయని యెంచరాదు. మలములో రక్తము, తారువంటి నల్లని మలము, కారణము లేక చిక్కిపోవుట, నిద్రనుండి లేపు నొప్పి, మ్రింగుట కష్టమగుట, విడువని వాంతులు, జ్వరము, రక్తహీనత, వీనిలో ఏ యొక్కటి కనిపించినను జాగు చేయక వైద్యునికడకు పోవలెను. మోకాళ్ల నొప్పులకు తామే మాత్రలు కొని మ్రింగువారికి కడుపులో నిజముగనే పుండు పడవచ్చును. ఆ సంగతి వైద్యునితో దాచరాదు.

గ్రామపెద్దలగు మీ మాటకు ఇంటింట విలువ కలదు. కడుపునొప్పి యని మూలుగువానిని పరిహసింపనీయకుడు. ముందు ఈ గుర్తులను అడిగి తెలిసికొనుడు. అవి యున్నచో వెంటనే ఆసుపత్రికి పంపుడు. అవి లేక, వైద్యుడును పరీక్షించి పుండు లేదన్నచో, ఊరూర తిరిగి పొలము తాకట్టు పెట్టనీయక, వేళకు తిండి, నిద్ర, నడక అలవరచుకొమ్మని ధైర్యము చెప్పుడు.