తలనీలాలు న్యూయార్క్ పేపర్లకెక్కితే

మన తిరుమల కొండ గురించి విదేశీ పత్రికల్లో ఏదైనా వస్తే తిరుపతి టీ అంగళ్ల దగ్గర వినబడేవి రెండే మాటలు. ఒకటి "చూసినారా, మన గొప్ప", రెండోది "ఇదంతా కుట్ర". రెండూ తొందరపాటే.

అపోహ: తలనీలాల మీద విదేశీయులు విషం కక్కారు.

వాస్తవం: ఇది 2004 మే నాటి గొడవ. సంప్రదాయ యూదుల్లో పెళ్లయిన ఆడవాళ్లు సొంత జుట్టు బయటికి కనబడనివ్వరు. చాలామంది విగ్గు పెట్టుకుంటారు. ఆ విగ్గుల్లో తిరుమల జుట్టు కలుస్తోందని జెరూసలేం మతపెద్ద యోసెఫ్ షాలోం ఎల్యాషివ్ వాటిని నిషేధించారు. అన్యదేవతకు అర్పించినదాన్ని వాడుకోకూడదన్నది వాళ్ల ధర్మశాస్త్రం. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు కుప్పపోసి కాల్చారు. మన మొక్కు ఒక్కసారిగా 'విగ్రహారాధన తంతు'గా లోకమంతా తిరిగింది.

కల్యాణకట్ట చూసినవాళ్లకు సంగతి తెలుసు. టోకెను, బ్లేడు తీసుకుని క్షురకుడి ముందు కూర్చుంటాం. తల తడిపి నాలుగు గీతల్లో గుండు చేసేస్తాడు. ఆ జుట్టు స్వామి ముందుకు పోదు, గర్భగుడి ఛాయలకే రాదు. "అయితే అది అర్పణ కాదు కదా" అని యూదుల్లో ఒక వర్గం వాదించింది. "గీయించుకోవడమే మొక్కు తీర్చుకోవడం" అన్నది ఎదుటి వాదన. లండన్ నుంచి ఒక రబ్బీ (యూదు మతగురువు) తిరుపతికి వచ్చి కళ్లారా చూసి మరీ వెళ్లారు. ఇందులో మనకు జరిగిన అవమానం నాకైతే కనబడలేదు. వాళ్లు మన మొక్కును అక్షరాలా నమ్మారు, అందుకే భయపడ్డారు.

అపోహ: భక్తులకు చెప్పకుండా జుట్టు అమ్ముకుంటున్నారు. ఇది అటువైపు అపోహ, విదేశీ కథనాల్లో తరచూ కనబడేది.

వాస్తవం: టీటీడీ తలనీలాలను పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలం వేస్తుంది. ఎన్ని కోట్లు వచ్చాయో మన పేపర్లలో అచ్చవుతుంది. తెలుగు చదవని విలేకరికి అది రహస్యమే మరి! మొక్కు చెల్లించినాక ఆ జుట్టు ఎక్కడికి పోతుందని చాలామంది అడగరు. అది వేరే సంగతి.

అపోహ: 'ప్రపంచంలో అత్యంత ధనిక ఆలయం' అన్నది విదేశీ పత్రికల లెక్క.

వాస్తవం: లెక్క మనదే. 10 టన్నులకు పైగా బంగారం, సుమారు 16 వేల కోట్ల రూపాయల డిపాజిట్లు ఉన్నట్టు 2022 నవంబరులో శ్వేతపత్రం విడుదల చేసింది టీటీడీయే. 2011లో తిరువనంతపురం పద్మనాభస్వామి ఆలయ నేలమాళిగలు తెరిచినప్పుడు మాత్రం ఆ బిరుదు కొన్నాళ్లు అటు పోయింది.

అపోహ: లడ్డూలో జంతు కొవ్వు అన్న మాటను విదేశీ మీడియా పుట్టించింది.

వాస్తవం: 2024 సెప్టెంబరు 18న ఆ మాటన్నది మన ముఖ్యమంత్రి. విదేశీ సంస్థలు దాన్ని మోసుకెళ్లాయి. ఆ మాటకు ఆధారంగా చూపిన నెయ్యి ల్యాబ్ నివేదికలో, కొన్ని పరిస్థితుల్లో ఫలితం తప్పుగా రావచ్చన్న హెచ్చరిక కూడా ఉంది. శీర్షికల్లో దానికి చోటు దొరకలేదు, మన పేపర్లలోనూ అంతంతమాత్రమే. దర్యాప్తు తేలకముందే ప్రెస్ దగ్గరికి ఎందుకు వెళ్లారని సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు అడిగింది.

ఇక శేషాచలం కొండల ఎర్రచందనం గురించి బయటికి పోయిన వార్త. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గర అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు వాళ్లే. పోలీసుల మాటే తొలి వార్త అయింది కాబట్టి బయటి దేశాల్లో వాళ్లు మొదట 'చందనం స్మగ్లర్లు'గానే తెలిశారు. కానీ ఎర్రచందనం మంచి గంధం కానే కాదు. దానికి సువాసన లేదు, కుటుంబమూ వేరు. దుంగ నరికేది రోజుకూలీ, రేవు దాటించి లాభం తినేది మరొకడు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే కేసు తీసుకుంది. మన పేపర్లు ఈనాటికీ ఒక పేజీలో 'ఎర్ర స్మగ్లర్లు' అని, ఇంకో పేజీలో 'ఎర్రకూలీలు' అని రాస్తున్నాయి.