ఒరలో ఇమడని కత్తి

యుద్ధమున ఓడి శిథిలమైన టోక్యో నగరపు మురికివాడలో, కుళ్ళునీటి మడుగు ప్రక్కనున్న ఒక బీదవైద్యుని యింటికి, రాత్రివేళ ఒక యువకుడు వచ్చి, చేతికి మేకు గుచ్చుకొన్నదని చెప్పి గాయము చూపును. మత్తుమందు ఇయ్యకయే ఆ చేతిని కెలకి వైద్యుడు పైకి తీసినది మేకు గాదు, పిస్తోలు గుండు. పండ్లు బిగబట్టి ఆ బాధ నంతయు ఓర్చుకొన్న ఆ యువకుడు పిమ్మట దగ్గును. ఆ దగ్గు విని, వాని యూపిరితిత్తులలో క్షయ చేరియుండునని వైద్యుడు అనగనే, అంతవరకు నిబ్బరముగా నున్నవాడు ఒక్కసారిగా రేగి వైద్యునిపై కలియబడును. గుండునకు వెఱవనివాడు దగ్గునకు వెఱచెను. 1948వ సంవత్సరమున విడుదలైన ‘డ్రంకెన్ ఏంజెల్’ చిత్రములో మత్సునాగా అను రౌడీగా కనబడిన ఆ యువకుని పేరు తొషిరో మిఫునే. చిత్రమును తీసిన దర్శకుడు అకిరా కురొసవా. అది మొదలు 1965 వరకు వీరిరువురును కలిసి 16 చిత్రములు నిర్మించిరి. ప్రపంచ చలనచిత్రములలో మొనగాని పాత్రకు అంతకుముందు లేని యొక రూపము ఆ చిత్రములలో ఏర్పడెను.

మిఫునే ధరించిన మొరటు పాత్రలను వరుసగా చూచినవారికి నేను చెప్పబోవు మాట వింతగా తోచదు. గజదొంగ, రౌడీ, కూలికి కత్తిదూయు సమురాయ్ యోధుడు, రాజద్రోహియైన సేనాని, ఎవరైనను సరే, ప్రతి పాత్రలోను కాఠిన్యమునకు అడుగున ఒక పచ్చిగాయము కలదు. ఆ గాయమును మఱుగుపఱచుటకే వాడు గర్జించును, కండలు పొంగించును, కత్తి ఝళిపించును. చూచువారికి మొదట కనబడునది కత్తి. ఇంటికి వచ్చిన పిదప మనస్సున మిగులునది గాయము.

ఈ నటుడు నటుడు కావలెనని కోరుకొన్నవాడు కాడు. 1920 ఏప్రిల్ 1వ తేదీన, జపాను దేశమున గాక చైనాలోని చింగ్దావ్ పట్టణమున, జపనీయ దంపతులకు జన్మించి, డాలియన్‌లో పెరిగి, తండ్రియొద్ద ఛాయాచిత్రముల పని నేర్చుకొని, యుద్ధకాలమున వైమానిక ఛాయాచిత్ర విభాగములో సైనికుడుగా పనిచేసెను. యుద్ధానంతరము టోహో చిత్రసంస్థలో కెమెరా సహాయకుని యుద్యోగమునకై అతడు పంపుకొన్న దరఖాస్తు, 1946లో క్రొత్త నటులకై జరిగిన పరీక్ష వారి చేతిలో పడినది. ఆ పరీక్షలో కోపమును నటింపుమనగా, గాయపడిన మృగమువలె గది నలుమూలలకు విరుచుకుపడెను. న్యాయనిర్ణేతలు పలువురు ఆ వాలకము చూచి మొగము చిట్లించుకొనిరి. ఆ ఉద్ధతిలో ప్రతిభను గుర్తించినవారు కజిరో యమమోతో అను పెద్ద దర్శకుడును, ఆయన శిష్యుడగు కురొసవాయును. వీరు పట్టుబట్టకుండినచో మిఫునే కెమెరా వెనుకనే నిలిచిపోయెడివాడు.

‘రషోమన్’ (1950) చిత్రములోని తజోమరు అను బందిపోటును చూడుడు. ఒక సమురాయ్ మరణమును నలుగురు నాలుగు విధములుగా చెప్పు కథ అది. తన వంతున తజోమరు చెప్పిన కథలో ద్వంద్వయుద్ధము మహావీరుల పోరాటము: ఇరువురును 23 మార్లు కత్తి కలిపిరి, అంతవరకు తనయెదుట అన్నిమార్లు నిలిచినవాడు మఱియొకడు లేడని వాడు గర్వముతో చెప్పును. కడపట ఒక కట్టెలు కొట్టువాడు చెప్పిన కథలో ఆ యుద్ధమే వేఱు. ఇరువురి చేతులు వణకును, కాళ్ళు తడబడును, ఒకనిని చూచి యొకడు జడిసి వెనుదీయును, నేలపై ప్రాకుచు, రొప్పుచు, ఎట్లో యొకడు రెండవవానిని చంపును. వీరుడు తన్ను గూర్చి చెప్పుకొను కథకును, చాటునుండి చూచినవాడు చెప్పు కథకును మధ్యనున్న దూరమును ఒకే నటుడు, ఒకే దేహముతో, ఒకే చిత్రములో చూపుట సామాన్యమైన పని కాదు. మిఫునే మొదటి పోరాటమునందు ఎంత సింహమో, రెండవ పోరాటమునందు అంత భీరువు. ఆ రెండును నమ్మదగినవే. 1951లో వెనిస్ చిత్రోత్సవమున స్వర్ణసింహ పురస్కారము పొందిన ఈ చిత్రముతోనే జపాను చిత్రకళవైపు పాశ్చాత్యుల దృష్టి మరలెను.

అయితే మిఫునే పాత్రలలో నాకు ప్రాణప్రదమైనది ‘సెవెన్ సమురాయ్’ (1954) లోని కికుచియో. బందిపోట్ల బారినుండి తమ పంటను కాపాడుకొనుటకై, కూలి ఇచ్చుకొనలేని రైతులు, మూడు పూటల అన్నము మాత్రము ఆశచూపి ఏడుగురు యోధులను తెచ్చుకొన్న కథ అది. ఆరుగురు నిజమైన సమురాయ్‌లు. ఏడవవాడు చాల పొడవైన కత్తిని భుజమున వేసికొని, పిలువకయే వెంటబడి వచ్చినవాడు. త్రాగిన మైకములో తన వంశవృక్షమని వాడొక కాగితపు చుట్ట చూపును. అందలి కికుచియో అను పేరు తనదేయనును. లెక్కకట్టి చూడగా ఆ కికుచియోకు పదుమూడేండ్లు. మీసములు మొలచిన ఆ పదుమూడేండ్ల బాలుని చూచి అందఱును పడిపడి నవ్వుదురు. చూచువారమైన మనమును నవ్వుదుము. ఆ నవ్వునకు పశ్చాత్తాపపడవలసిన ఘడియ తరువాత రానున్నదని అప్పటికి మన మెఱుగము.

ఒకనాడు గ్రామమున దాచియుంచిన కవచములు బయటపడును. ఓడి పాఱిపోవుచున్న సమురాయ్‌లను రైతులే చంపి దోచుకొన్న సొమ్మది. ఆరుగురు యోధుల మొగములు నల్లబడును. అందొకడు ఈ గ్రామస్థుల నందఱిని నఱకివేయవలెనని యున్నదనును. అప్పుడు కికుచియో చెలరేగును. రైతులు పిసినారులు, దొంగలు, పిఱికివారు, నక్కలవంటివారని వాడే మొదట తిట్టి, వారి నట్లు చేసినవారెవరని వెనువెంటనే ప్రశ్నించి, ఊళ్ళు తగులబెట్టి, పంటలు దోచి, స్త్రీలను చెఱచినవారు మీరుగారాయని ఆ యోధులపైననే నిప్పులు కురియును. కోపముగా మొదలైన ఆ మాటలు ఏడుపుగా ముగియును. ఆ యోధులలో పెద్దవాడగు కంబేయీ కన్నుల నీరు నిలిచి, నీవు రైతుబిడ్డవేనాయని అడుగగా, జవాబు చెప్పలేక వాడు బయటికి పోవును. ఆ తరువాత నీటిమఱ మండిపోవు సన్నివేశమున, చనిపోవుచున్న తల్లినుండి శిశువు వాని చేతికి వచ్చినప్పుడు, ఏటినీటిలో అట్లే కూలబడి, ఈ బిడ్డ తానేయనియు, తనకును ఇట్లే జరిగెననియు వాడు గుండె పగులునట్లు ఏడ్చును. అంతకాలము పిల్లలను నవ్వించిన కోతిచేష్టలకు, ఆ దొంగ వంశవృక్షమునకు, ఆ మితిమీరిన కత్తికి అర్థమేమో అప్పుడు తెలియును.

కడపటి యుద్ధము వానలో, బురదలో జరుగును. చలికాలమున, సగము దిగంబరుడై, బురదలో పొరలుచు మిఫునే దానిని నటించెను. తుపాకి గుండు కడుపున తగిలినను బందిపోట్ల నాయకుని వెంటబడి చంపిన పిదపనే కికుచియో బోర్లపడును. వాన వాని కాళ్ళ బురదను కడుగుచుండును. ఆ చిత్రములో చనిపోయిన నలుగురు సమురాయ్‌లును తుపాకికే బలియైనవారు. కత్తికి పడినవాడు ఒక్కడును లేడు.

షేక్స్పియరు ‘మాక్బెత్’ నాటకమును జపాను వాతావరణమునకు మార్చిన ‘థ్రోన్ ఆఫ్ బ్లడ్’ (1957) గూర్చి ఒక్కమాట చాలును. కడపట సేనానిపై బాణవర్షము కురియు దృశ్యమున, ఆరితేఱిన విలుకాండ్రచేత నిజమైన బాణములనే వేయించిరి. ఆ మొగముననున్న భయములో నటన యెంతయో, నిజమెంతయో విడదీయుట దుస్సాధ్యము.

‘యోజింబో’ (1961) చిత్రములో మిఫునే నటనకు వెనిస్‌లో ఉత్తమ నటుని పురస్కారము లభించెను. నాలుగుదారుల కూడలిలో పుల్ల యెగురవేసి, అది చూపిన దారిన నడచు ఊరుపేరు లేని సమురాయ్ కథ అది; పేరు అడుగగా, కిటికీలోనుండి మల్బరీ తోట చూచి, దానినే పేరుగా చెప్పును. పేలు, నల్లులు కుట్టినవానివలె భుజమును మాటిమాటికి ఎగురవేయు అలవాటు ఒక్కటి చాలును, వాడు ఎన్ని రాత్రులు పాడుసత్రములలో పండుకొనెనో చెప్పుటకు. రెండు రౌడీముఠాలను ఒండొరులపై ఉసికొల్పి రెండు చేతుల సొమ్ము తీసికొను ఈ కఠినుడు, చెఱబడిన ఒక యిల్లాలిని, ఆమె భర్తను, బిడ్డను విడిపించి సొమ్ముకూడ వారికే ఇచ్చివేసి, వారు నేలబడి మ్రొక్కుచుండగా కసరి తఱుమును. ఆ చిత్రములో వాడు ఒడలు హూనమగునట్లు దెబ్బలు తినుట ఈ యొక్క మంచిపని చేసినందువలననే.

ఈ కథనే 1964లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ పేర, క్లింట్ ఈస్ట్‌వుడ్ కథానాయకుడుగా, అనుమతి లేకయే తీసెను. టోహో సంస్థ వ్యాజ్యము తెచ్చి పరిహారము పొందెను. లియోనే డాలరు చిత్రముల ప్రేరణతోనే 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వమున, ఆరుద్ర రచనతో, కృష్ణ కథానాయకుడుగా మన ‘మోసగాళ్ళకు మోసగాడు’ వెలసెను. జపాను ధూళిలో పుట్టిన పాత్ర ఇటలీవారి చేతిమీదుగా తెలుగు తెరపై టోపీ పెట్టుకొని గుఱ్ఱమెక్కిన కథ యిది. ఆ చిత్రమును నేను ప్రీతితోనే తలచుచున్నాను. కాని ఈ ప్రయాణమున నడక వచ్చినది, చూపు వచ్చినది, తక్కువ మాటలు వచ్చినవి. ఆ భుజపు దురద మాత్రము దారిలోనే జారిపోయినది. తరువాత తరువాత వచ్చిన మొనగాళ్ళకు దెబ్బయే తగులదు. తగిలినను నొప్పి యుండదు. నొప్పి లేనివాని ధైర్యము నన్నెన్నడును కదిలింపలేదు.

‘సంజురో’ (1962) లో ‘యోజింబో’ సమురాయే మరల వచ్చును. ఒక అధికారి భార్యయగు వృద్ధురాలు గోడ దాటలేకపోగా, వాడు నేలపై వంగి తన వీపు మెట్టుగా నిచ్చును. ఆమె వానితో మెల్లగా, నీవు మితిమీరి మెఱయుచున్నావు, మంచికత్తి ఒరలోనే యుండునని చెప్పును. ఈ మాట విన్నప్పుడెల్ల నాకు విరాటుని వంటశాలలో గరిటె పట్టుకొని తన కోపమును దాచుకొన్న భీమసేనుడు తలపునకు వచ్చును. ద్రౌపది రాత్రివేళ వచ్చి లేపువఱకు ఆ కోపము ఒరలోనే యున్నది. సంజురో కటువుగా మాఱుపలుకబోయి మౌనము వహించును. చిత్రాంతమున ప్రత్యర్థిని ఒక్క వ్రేటున నేలగూల్చి, నెత్తురు చిమ్ముట చూచి మెచ్చుకొనబోయిన యువకులను గద్దించి, చచ్చినవాడును తానును ఒకటే జాతివారమని, ఇరువురమును ఒరలేని కత్తులమని, ఆ తల్లి చెప్పినదే నిజమని తలవంచుకొని పోవును.

అట్టి కత్తి చివరకు ఒరను చేరుకొన్నది ‘రెడ్ బియర్డ్’ (1965) లో. ఇందు మిఫునే బీదల ఆసుపత్రిని నడపు వైద్యుడు. జ్వరపీడితయగు పండ్రెండేండ్ల బాలికను వేశ్యాగృహమునుండి తీసికొనిపోబోగా అడ్డువచ్చిన రౌడీలందఱి కాలుచేతులు విఱుగగొట్టి, మఱుక్షణముననే వారి ప్రక్కన కూర్చుండి, అతిగా చేసితిని, వైద్యుడు చేయదగిన పని గాదని నొచ్చుకొనుచు, ఆ విఱిగిన యెముకలకే కట్లు కట్టించును. క్షయరోగి యైన రౌడీగా చేతినుండి గుండు తీయించుకొన్న నటుడు, 17 ఏండ్లకు తానే వైద్యుడై రౌడీలకు కట్టు కట్టెను. ఈ పాత్రకును వెనిస్‌లో ఉత్తమ నటుని పురస్కారము వచ్చినది. దీని చిత్రీకరణ దీర్ఘకాలము సాగుటయు, పెంచిన గడ్డము వలన మిఫునే వేఱు చిత్రములు చేయలేకపోవుటయు జరిగినవి. ఆ తరువాత వీరిరువురును మరల కలిసి పనిచేయలేదు. మిఫునే 1997 డిసెంబరు 24న, కురొసవా 1998 సెప్టెంబరు 6న కన్నుమూసిరి.

ఈ నటుని ఎఱుగని పాఠకులు ‘సెవెన్ సమురాయ్’తో మొదలుపెట్టుడు. నిడివి 207 నిమిషములు. ఒక ఆదివారపు మధ్యాహ్నము చాలును. ఇంట పెద్దపిల్లలుండినచో వారినికూడ కూర్చుండబెట్టుకొనుడు, ఏటిలో శిశువు నెత్తుకొని వాడు ఏడ్చువేళ మాత్రము ఎవ్వరును లేచిపోకుండ చూచుకొనుడు.