ఒక బండికి రెండు వయసులు

1982లో ఎన్.టి. రామారావు తెలుగుదేశం పెట్టి ఊళ్ల మీదకు బయలుదేరినప్పుడు ఆయన ఎక్కింది కొత్త బండి కాదు, 1940ల నాటి అమెరికన్ షెవర్లే వ్యాన్. దాని పైన నిలబడి మాట్లాడే వేదిక, మైకులు, లోపల నడుం వాల్చే చోటు అమర్చి చైతన్యరథం అని పేరు పెట్టారు. స్టీరింగ్ ఆయన కొడుకు హరికృష్ణ పట్టారు. పడక అందులోనే, స్నానం రోడ్డు పక్కన. రాజకీయాల సంగతి వదిలేసి చూస్తే, పాత విదేశీ వ్యాన్‌ను తిరిగే ఇల్లుగా మార్చుకోవడంలో తెలుగునాట అంతకన్నా పేరు మోసిన బండి మరొకటి లేదు.

ఇప్పుడు మంచిర్యాల వైపు ఆ ముచ్చట వేరే దారిలో వస్తోంది. శ్రీరాంపూర్, మందమర్రి, గోదావరిఖని బొగ్గుగని కాలనీల్లో పెరిగి న్యూజిలాండ్‌కో బ్రిటన్‌కో చేరిన పిల్లలు అక్కడ సెకండ్‌హ్యాండ్ క్యాంపర్‌వ్యాన్ ముందు నిలబడి వీడియో కాల్‌లో కెమెరా తిప్పుతుంటారు. "బాపూ, జపాన్ బండి. ఎనభై వేలే తిరిగింది" అంటాడు కొడుకు. ఆ బాపు ఓపెన్‌కాస్ట్ వర్క్‌షాపులో డంపర్ల కింద దూరి రిటైరైన ఫిట్టరైతే అడిగే మొదటి మాట ఒక్కటే: "ఎన్ని గంటలు నడిచిందిరా?" గనుల్లో పెద్ద యంత్రాల వయసు చెప్పేది అవర్ మీటరే. క్యాంపర్‌వ్యాన్‌కు అలాంటి మీటరు లేదు గానీ ఆ ప్రశ్న మాత్రం సరైనదే. బండి కిలోమీటర్లతో అరుగుతుంది. దాని లోపలి ఇల్లు కదలకుండా నిలబడి ఉన్నా పాడవుతుంది.

ఈ తిరిగే ఇల్లు మొదట గుర్రాల వెనక పుట్టింది. నౌకాదళంలో వైద్యుడిగా చేసి మానేసిన గార్డన్ స్టేబుల్స్ 1885లో బ్రిస్టల్‌లో 'వాండరర్' అనే బండిని కట్టించుకున్నాడు. రెండు టన్నుల చెక్క ఇల్లు. సరదాకు ఊళ్లు తిరగడానికే కట్టించిన బళ్లలో అదే మొదటిదంటారు. మోటారు కథ 1947లో మలుపు తిరిగింది. ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీలో సామాను మోసే చిన్న బండిని చూసిన డచ్ వ్యాపారి బెన్ పాన్ తన నోట్‌బుక్‌లో ఒక డబ్బా బొమ్మ గీశాడు. 1950లో అది వ్యాన్‌గా రోడ్డెక్కింది. మరుసటి ఏడాదే వెస్ట్‌ఫాలియా కంపెనీ అందులో పట్టే మడత పడక, అరల పెట్టె తయారు చేసింది. ఆ వ్యాన్ వంశం బ్రెజిల్‌లో 2013 దాకా బతికింది.

ఇవాళ పిల్లలు చూపించే బండి ఎక్కువగా జపాన్‌ది, అందులోనూ తరచుగా మాజ్దా బోంగో ఫ్రెండీ. 1995 నుంచి 2005 దాకా తయారైంది. కొన్నింటికి మీట నొక్కితే పైకప్పు లేస్తుంది, సీట్లు వాలిస్తే పడకవుతాయి. జపాన్‌లో సొంత కారుకు మొదట మూడేళ్లకు, ఆపైన రెండేళ్లకోసారి ఖరీదైన తనిఖీ తప్పదు కాబట్టి చాలామంది బండిని తొందరగా వదిలించుకుంటారు. అవి వేలానికెళ్లి, ఓడెక్కి, స్టీరింగ్ కుడివైపుండే దేశాలకు చేరతాయి. బోంగోల్లో చాలావాటికి వంటగది బ్రిటన్‌కు వచ్చాకే పెట్టారు. అంటే బండి పుట్టింది 1997లో అయితే ఇల్లు పుట్టింది 2012లో కావచ్చు. దాన్ని కట్టింది అనుభవమున్న వర్క్‌షాపో, సెలవు రోజుల్లో యూట్యూబ్ చూసి రంపం పట్టినవాడో. అమ్మేవాణ్ని మొదట అడగాల్సింది ఇదే: లోపలి పని ఎవరు చేశారు, బిల్లులున్నాయా?

తర్వాత వేలం షీటు. జపాన్ వేలంలో ప్రతి బండికీ ఒక కాగితం ఉంటుంది. అందులో గ్రేడు, మీటరు అంకె, బండి బొమ్మ మీద చిన్న చిన్న అక్షరాలు ఉంటాయి. ఏ అంటే గీత, యు అంటే సొట్ట, ఎస్ అంటే తుప్పు, డబ్ల్యూ అంటే కొట్టి సరిచేసిన చోటు. గ్రేడు దగ్గర ఆర్ కనిపిస్తే ప్రమాదమై రిపేరైన బండి అని అర్థం. ఈ కాగితం చూపించని అమ్మకందారుడితో బేరం పెంచుకోవద్దు. ఎనభై వేల మాట నిజమో కాదో తేల్చడానికి ఇంతకన్నా సులువైన సాక్ష్యం దొరకదు.

ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. "మీరొస్తున్నారని వేడిచేసి పెట్టాను" అన్నాడంటే ఇంకో రోజు వెళ్లడం మేలు. బోంగోలో ఇంజిన్ ముందు సీట్ల కింద, రేడియేటర్ ముందు బంపరు దగ్గర ఉంటాయి. మధ్యలో పొడుగాటి పైపులు. ఎక్కడో ఒక పైపు తుప్పుపట్టి కూలెంట్ కారిపోతే, నీళ్లే లేని చోట సెన్సర్ వేడిని సరిగా చూపదు. డ్రైవరుకు తెలిసేసరికి సిలిండర్ హెడ్ పగులుతుంది. అందుకే తెలిసినవాళ్లు కూలెంట్ తగ్గితే మోగే అలారం విడిగా పెట్టించుకుంటారు. కింద పడుకుని ఛాసిస్ చూడటం మన ఫిట్టర్లకు చెప్పాల్సిన పని కాదు. మంచు పడే ఉత్తర జపాన్‌లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడ తిరిగిన బండి పైన మెరుస్తూ కింద పొరలు పొరలుగా రాలుతుంది. కొత్తగా పూసిన నల్లరంగు కనిపిస్తే స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాల్సిందే. టైరు అంచు మీద నాలుగంకెలు ఉంటాయి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఏడాదిలో పది నెలలు నిలబడే బండికి టైరు అరగదు, ఎండి పగుళ్లిస్తుంది.

ఇక ఇంటి సంగతి. ఇంటికి పెద్ద శత్రువు చెమ్మ. పైకప్పుకు కిటికీ, ఫ్యాన్, సోలార్ పలక అమర్చడానికి ఎన్ని రంధ్రాలు కొట్టారో నీటికి అన్ని దారులు. సీలెంట్ కొన్నేళ్లకు గట్టిపడి విడిపోతుంది, నీరు గోడ వెనక చెక్క ఫ్రేములోకి దిగుతుంది. బయటికి కనపడేసరికి లోపల చెక్క నానిపోయి ఉంటుంది. వేలితో కిటికీ మూలలు, అలమారా అడుగు, పరుపు కింద నొక్కి చూడండి, మెత్తగా లోపలికి పోతే చెక్క కుళ్లిందని అర్థం. చెమ్మ మీటరు చవకే. చెక్కలో 15 శాతం లోపు చూపితే నిశ్చింత, 20 దాటితే గోడ విప్పి చూడాలి. అగరుబత్తీ, సెంటు వాసన గుప్పుమంటున్న వ్యాన్‌ను నేనైతే అనుమానిస్తాను. వానపడ్డ మర్నాడు వెళ్లి చూడటం అన్నిటికన్నా మంచి పరీక్ష.

గ్యాస్ దగ్గర కోల్‌బెల్ట్ వాళ్లకు తెలిసిన విద్య ఒకటి తిరగబడుతుంది. గనిలో మీథేన్ గాలికన్నా తేలిక, పైకప్పు దగ్గర చేరుతుంది. అందుకే గనిలో భద్రత చూసే మైనింగ్ సర్దార్ పైన చూస్తాడు. వ్యాన్‌లోని వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి ఇక్కడ కిందికి చూడాలి: సిలిండర్ అరలో నేలకు రంధ్రం ఉందా, దాన్ని చలిగాలి వస్తోందని ఎవరైనా గుడ్డ కుక్కి మూసేశారా? కార్బన్ మోనాక్సైడ్ మాత్రం గనిలోనూ వ్యాన్‌లోనూ ఒకే రకంగా చంపుతుంది. రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తానికి అంటుకుంటుంది. గని కార్మికుడి నడుముకు విషవాయువు నుంచి కాపాడే సెల్ఫ్ రెస్క్యూయర్ ఉంటుంది. నిద్రపోయే వ్యాన్‌లో ఆ పని చేసేది గోడకున్న అలారమే. అది ఉందో లేదో చూస్తే సరిపోదు, వెనక ముద్రించిన గడువు తేదీ కూడా చూడాలి. హీటర్ మంట పసుపుగా వణుకుతుంటే బేరం ఆపేయండి.

కరెంటు సంగతి టూకీగా: జపాన్ ఇళ్లలో 100 వోల్టులు, బ్రిటన్‌లో 230. పాత సాకెట్లు మార్చారా లేదా ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. లోపలి బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.7 వోల్టులు చూపాలి. దీపాలు వేసి గంట ఆగి మళ్లీ కొలవండి.

బరువును ఎవరూ పట్టించుకోరు. బొగ్గు లారీల మధ్య పెరిగినవాళ్లకు వే బ్రిడ్జి కొత్త కాదు, క్యాంపర్‌వ్యాన్‌ను కూడా దాని మీదకు ఎక్కించాలి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. దానికి పడక, ఫ్రిజ్, రెండు బ్యాటరీలు, గొడుగు పందిరి, నలుగురు మనుషులు తోడైతే రాసిచ్చిన పరిమితి ఎప్పుడో దాటిపోతుంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించాలి, ఎందుకంటే మొత్తం సరిపోయినా వంటగది బరువంతా వెనక చక్రాల మీదే పడి ఉండొచ్చు. బ్రిటన్‌లో 1997 జనవరి 1 నుంచి కారు పరీక్ష పాసైనవాళ్ల మామూలు లైసెన్సు సాధారణంగా 3,500 కిలోల వరకే, పెద్ద మోటార్‌హోమ్ చూసేవాళ్లు అది మరువకూడదు. న్యూజిలాండ్‌లో రాత్రుళ్లు బయట ఆపుకోవడానికి కావాల్సిన సెల్ఫ్ కంటైన్‌మెంట్ సర్టిఫికెట్‌కు 2023 చట్టం ప్రకారం బండిలో బిగించిన టాయిలెట్ ఉండాలి. మూల పెట్టిన మోసుకెళ్లే డబ్బా చెల్లదు.

మరి అలాంటి బండిని మంచిర్యాలకే తెప్పించుకుంటే? ఆ ఆశ వద్దు. విదేశాల నుంచి తెచ్చే వాడిన వాహనం మూడేళ్లకు మించి పాతదై ఉండకూడదు, ముంబై రేవులోనే దిగాలి, పైగా సుంకమే అసలు ధరను మించిపోతుంది. ఇక్కడ మిగిలిన దారి మన రోడ్ల మీద తిరిగే వ్యాన్‌ను కొని ఇల్లు కట్టించుకోవడమే. వేలం షీటు ఒక్కటి తప్ప చూడాల్సినవన్నీ అవే. అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ మార్పులు ఆర్‌టీఓ అనుమతితో ఆర్‌సీలోకి ఎక్కాలి. సీట్లు పీకి పొయ్యి పెట్టిన వ్యాన్ ఆర్‌సీలో ఇంకా మామూలు వ్యానే అయితే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ మొదట తిరగేసేది ఆ కాగితాన్నే.