గెట్టర్ తనను తానే ఎందుకు పిలుస్తుంది?

మెదక్ చర్చి గురించి చిన్న జావాస్క్రిప్ట్ క్లాస్ రాశారనుకోండి. ప్రారంభమైన ఏడాది అడిగితే 1924 అని రావాలి. కానీ తెర మీద ఎర్రటి ఎర్రర్! ఎందుకు?

అడిగిన విలువను తెచ్చి ఇచ్చేదే గెట్టర్. 1924ను మీరు '_ఏడాది' అనే పేరుతో దాచారు. 'ఏడాది' అనే గెట్టర్ లోపల మాత్రం 'రిటర్న్ దిస్.ఏడాది' అని రాశారు. దాంతో అది విలువ కోసం మళ్లీ తననే పిలుస్తుంది. ఉప్పు తెమ్మంటే వంటింట్లోకి వెళ్లకుండా, "ఉప్పు తే" అని తనకు తానే చెప్పుకుంటూ కూర్చున్నట్టు! ప్రతి పిలుపునూ కంప్యూటర్ గుర్తుపెట్టుకోవాలి. అందుకు కేటాయించిన చోటు నిండగానే ఆపేస్తుంది.

మరి సరిచేయడం ఎలా? ఎర్రర్ చూపిన లైన్ నంబరు దగ్గరికి వెళ్లండి. గెట్టర్ పేరు, లోపలి పేరు పోల్చి చూడండి. లోపల 'దిస్._ఏడాది' అని మార్చండి. 1924 వచ్చేస్తుంది. ఎర్రర్‌ను చూసి భయపడకండి, ముందు చదవండి.